మట్టిలో దొరికిన పురుగు ముక్కుపురుగేనా? తేల్చుకోవడానికి 10ఎక్స్ లెన్స్ ఎంత పనికొస్తుంది: నా రివ్యూ

కుండీ మార్చేటప్పుడో, లాన్‌లో ఎండిపోయిన చోట తవ్వి చూసినప్పుడో తెల్లగా వంకర తిరిగి పడుకున్న పురుగు కనిపిస్తే చాలామంది ముందు ఫోన్‌లో ఫొటో తీస్తారు, తర్వాత చేతికందిన మందు పోసేస్తారు. ఈ రెండింటి మధ్యలో చేయాల్సిన పని ఒకటుంది. ఆ పురుగును దగ్గరగా చూడాలి. దానికి నేను వాడేది మడత పెట్టుకునే 10ఎక్స్ చేతి లెన్స్, అందులోనూ మూడు గాజులు అతికించి చేసే ట్రిప్లెట్ రకం. నగల రాళ్లు పరీక్షించేవాళ్లు కంటికి ఆనించుకుని చూసే లూప్ ఇదే. మట్టిలో వేర్లు తినే ముక్కుపురుగుల్ని గుర్తుపట్టడానికి ఇది ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది, కొనేటప్పుడు ఏం చూసుకోవాలి, ఇవన్నీ రాస్తున్నాను. కాస్త పెద్ద రివ్యూనే, ఎందుకంటే పురుగు పేరు తప్పు చెప్పుకుని మందు పోయడం వల్ల పోయే మొక్కలు చాలా ఉన్నాయి, అది చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ముందు వస్తువు సంగతి. నా దగ్గరున్నది 21 మిల్లీమీటర్ల వెడల్పు గాజు, లోహపు తొడుగులోకి మడతపడుతుంది, లైటు లేదు, బ్యాటరీ లేదు. 10ఎక్స్ అంటే పది రెట్లు పెద్దదిగా చూపించేది, వస్తువు లెన్స్‌కి సుమారు 25 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది "ఏమీ కనబడట్లేదు, మసకగా ఉంది" అని పక్కన పడేస్తారు. పేపరు చదివే బూతద్దంలాగా దూరంగా పట్టుకుంటే ఇది పనిచేయదు. లెన్స్‌ని కంటికి దాదాపు ఆనించాలి, పట్టుకున్న చెయ్యి చెంపకి ఆనించి కదలకుండా ఉంచాలి, రెండో చేత్తో పురుగు ఉన్న మూతని మెల్లగా దగ్గరికి తెచ్చుకోవాలి. ఒక చోట ఠక్కున స్పష్టమవుతుంది. వెలుతురు పక్కనుంచి పడేలా నిలబడండి, మీ తల నీడే పురుగు మీద పడుతుంటే ఎంత మంచి లెన్స్ అయినా దండగే. కళ్లద్దాలున్నవాళ్లు తీసేసి చూస్తేనే సుఖం, దూరం సర్దుకుంటే సరిపోతుంది.

ఇక అసలు పని. మట్టిలోంచి తీసిన పురుగును ఏదైనా తెల్లటి డబ్బా మూతలో వేసి, రెండు చుక్కల నీళ్లు పోసి, మెత్తటి కుంచెతో మట్టి తుడిచి, వెల్లకిలా తిప్పండి. చూడాల్సిన మొదటి విషయం ఒక్కటే: కాళ్లున్నాయా, లేవా?

వేరు ముక్కుపురుగు పిల్లకి కాళ్లు ఉండవు. లెన్స్‌లో చూస్తే గోధుమ రంగు తల నున్నగా మెరుస్తూ, దాని ముందు ముదురు రంగు దవడలు కనిపిస్తాయి, తల వెనక నుంచి మీగడ రంగు ఒళ్లు ముడతలు ముడతలుగా ఉంటుంది, అక్కడక్కడా పొట్టి వెంట్రుకలు. కాళ్లుండాల్సిన చోట చిన్న ఉబ్బుల్లాంటివి కనిపిస్తాయి తప్ప కీళ్లున్న కాలు ఒక్కటీ ఉండదు. పూర్తిగా పెరిగిన పిల్ల సెంటీమీటరుకి కాస్త అటూ ఇటూ ఉంటుంది, చిన్న జాతులైతే అందులో సగమే.

అదే మనం మామూలుగా వేరుపురుగు అనే తెల్ల గ్రబ్ అయితే, అంటే పేడపురుగు, కొమ్ముపురుగుల కుటుంబానికి చెందినదైతే, తల వెనకే మూడు జతల కాళ్లు, లేత గోధుమ రంగులో, కీళ్లతో సహా కనిపిస్తాయి. "ఇంత తేడా ఉంటే దీనికి లెన్స్ ఎందుకు" అంటారా? పెద్ద గ్రబ్‌కి అక్కర్లేదు, నిజమే. కానీ అప్పుడప్పుడే గుడ్డులోంచి వచ్చిన తెల్ల గ్రబ్ నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటుంది, ఒళ్లు చుట్టుకుని కాళ్లని పొట్ట మీదికి ముడుచుకుని పడుకుంటుంది, వాటికి మట్టి అంటుకుని ఉంటుంది. మామూలు కంటికి అది కాళ్లు లేని పురుగే. ముక్కుపురుగు అనుకోవడానికి పూర్తి అవకాశం ఉంది. ఈ లెన్స్ తన విలువ చూపించేది సరిగ్గా ఇక్కడే.

దీన్ని నేను ఇంతలా పట్టుకుని వేలాడటానికి కారణం ఉంది. మందులు పురుగు కుటుంబాన్ని బట్టి పనిచేస్తాయి. మిల్కీ స్పోర్ అని అమ్మే పొడిలో ఉండేది పేనిబాసిల్లస్ పోపిల్లే అనే బ్యాక్టీరియా. అది జపనీస్ బీటిల్ అనే పెంకు పురుగు గ్రబ్బులకి రోగం తెప్పించడానికి, ముక్కుపురుగు మీద దానికి పనిలేదు. లద్దెపురుగుల మీద కొట్టే బీటీ కుర్‌స్టాకీ కూడా అంతే, సీతాకోకచిలుక జాతి పురుగుల పొట్టలో పనిచేసే మందు అది, దాన్ని కుండీలో ఎంత పోసినా వేరు ముక్కుపురుగు హాయిగా వేర్లు తింటూనే ఉంటుంది. అదే హెటరోరాబ్డిటిస్ బ్యాక్టీరియోఫోరా, స్టైనర్నీమా క్రౌస్సీ లాంటి మేలు చేసే నెమటోడ్లు, అంటే సన్నటి దారంలాంటి అతి చిన్న పురుగులు అయితే ముక్కుపురుగు పిల్లల మీద బాగా పనిచేస్తాయి, మట్టి తడిగా, తగిన వెచ్చదనంతో ఉంటే. మొదటిదానికి మట్టి సుమారు 12 డిగ్రీల సెల్సియస్ దాటాలి, రెండోది 5 డిగ్రీల చలిలో కూడా పనిచేస్తుంది. అంటే మూతలో ఉన్న పురుగుకి కాళ్లున్నాయా లేవా అన్న చిన్న ప్రశ్నకి జవాబు తప్పితే, ఒక సీజన్ అంతా పోతుంది, ఈలోపు మొక్క వేర్లు పోతాయి.

కాళ్లున్నాయని తేలితే, అంటే అది తెల్ల గ్రబ్ అయితే, లెన్స్ ఇంకో మెట్టు ముందుకి తీసుకెళ్తుంది. తోక చివర కింది వైపు చూడండి. అక్కడ గట్టి వెంట్రుకలు ఉంటాయి, వాటి అమరికని రాస్టర్ అంటారు. జపనీస్ బీటిల్‌కి ఇంగ్లిష్ వి ఆకారంలో, జూన్ బీటిల్స్‌కి జిప్పు పళ్లలాగా రెండు సమాంతర వరసల్లో, మాస్క్‌డ్ చేఫర్‌కి ఏ వరసా లేకుండా చెల్లాచెదురుగా ఉంటాయి. 10ఎక్స్‌లో ఇది హాయిగా కనిపిస్తుంది, మొదటిసారి చూసినవాళ్లు ఎవరైనా ఇంకో పురుగు తవ్వి తీసుకొస్తారు, అంత బాగుంటుంది. ముక్కుపురుగు పిల్లకి ఇలాంటి సులువైన గుర్తు లేదు, అది పెద్ద లోటే, దాని గురించి కింద చెప్తాను.

మట్టిలో దొరికే మిగతా వాటిని గబగబా చెప్పేస్తాను. సన్నగా, గట్టిగా, పసుపు గోధుమ రంగులో తీగ ముక్కలా ఉండి ముందు మూడు జతల కాళ్లుంటే వైర్‌వార్మ్. బూడిద రంగులో తోలు సంచిలా ఉండి కాళ్లూ లేకుండా, స్పష్టమైన తలా కనబడకుండా, వెనక చివర చిన్న చిన్న కొమ్ముల్లాంటివి ఉంటే క్రేన్ ఫ్లై పిల్ల, లాన్‌లో ఎక్కువ. ముట్టుకోగానే చుట్టుకుపోయే నున్నటి పురుగుకి ముందు కాళ్లే కాకుండా పొట్ట కింద కూడా మెత్తటి కాళ్లుంటే కట్‌వార్మ్, రాత్రిపూట మొక్కల్ని మొదట్లో కొరికేసేది. కుండీ మట్టి పైపొరలో గాజులా పారదర్శకంగా, నల్లటి తలతో సన్నటి పురుగులుంటే ఫంగస్ నాట్ పిల్లలు, నీళ్లు ఎక్కువ పోస్తున్నారని అర్థం. ఈ చివరిదానికి కూడా కాళ్లుండవు కాబట్టి కాళ్లు లేవనగానే ముక్కుపురుగు అనేయకండి, ఒళ్లు బొద్దుగా, తెల్లగా, వంకరగా ఉందో లేదో, తల గోధుమ రంగో కాదో కలిపి చూడాలి.

గుడ్ల విషయంలో జరిగే గందరగోళం మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. కుండీ మట్టిలో ఆవగింజ కన్నా పెద్దవిగా, గుండ్రంగా, పసుపు గోధుమ రంగులో గుళికలు కనిపిస్తే చాలామంది ముక్కుపురుగు గుడ్లు అని హడలిపోయి మట్టంతా పారేస్తారు. అవి నూటికి తొంభై పాళ్లు మెల్లగా కరిగే ఎరువు గుళికలు, కొన్న మొక్కల మట్టిలో నర్సరీ వాళ్లే కలుపుతారు. వేరు ముక్కుపురుగు గుడ్డు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, పెట్టినప్పుడు తెల్లగా ఉండి తర్వాత గోధుమ రంగుకి మారుతుంది, మట్టిలో మామూలు కంటికి దాదాపు దొరకదు. లెన్స్ కింద పెట్టి చూడండి: ఎరువు గుళికకి పైన ప్లాస్టిక్ పూత లాంటి నున్నటి తొక్క ఉంటుంది, వేళ్ల మధ్య నొక్కితే నీళ్లలాంటిది బయటికొస్తుంది లేదా ఖాళీ తొక్క చితుకుతుంది. ముత్యాల్లా మెరుస్తూ, తేటగా, గుంపుగా ఒకచోట అతుక్కుని ఉంటే నత్త గుడ్లు. ఎవరైనా "గుడ్లు దొరికాయి" అని టెన్షన్ పడుతుంటే నేను ముందు అడిగేది "నొక్కి చూశారా" అనే.

పెద్ద పురుగు సంగతికి వస్తే, ఆకు అంచుల్లో అర్ధచంద్రాకారంలో కొరికిన గుర్తులుండి పగలు ఎంత వెతికినా ఏమీ దొరకకపోతే రాత్రి టార్చ్ తీసుకుని వెళ్లండి. మొక్క కింద తెల్లగుడ్డ పరిచి కొమ్మను కుదిపితే పెంకు పురుగులు రాలి పడతాయి, పడి కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు నటిస్తాయి, అది లెన్స్ పట్టుకున్నవాళ్లకి వరం, కదలకుండా చూడనిస్తాయి. ముందు తల చూడండి. ముక్కుపురుగుకి తల ముందుకి సాగి ముట్టెలా ఉంటుంది, కానీ వేర్లు తినే చాలా రకాలకి ఆ ముట్టె బియ్యం పురుగుకి ఉన్నంత పొడవుండదు, పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది, అందుకే "ముక్కేదీ, ఇది ముక్కుపురుగు కాదు" అనుకునే ప్రమాదం ఉంది. నమ్మదగిన గుర్తు మీసాలు. ముక్కుపురుగు మీసం మొదట ఒకే పొడవాటి ముక్కగా వచ్చి, మధ్యలో మోచెయ్యిలా వంగి, చివర చిన్న గదలా లావెక్కుతుంది. నేల మీద చకచకా పరిగెత్తే నల్ల పెంకు పురుగులకి మీసాలు దారంలా నేరుగా ఉంటాయి, ఎక్కడా వంగవు. అవి గ్రౌండ్ బీటిల్స్, చాలావరకు మీ తోటలో మిగతా పురుగుల్ని తిని బతికేవి, చంపకండి. రాత్రి నల్లగా కనిపించిన ప్రతి పురుగునీ చెప్పుకింద వేసే అలవాటున్నవాళ్లు ఈ ఒక్క మీసం తేడా నేర్చుకుంటే తోటకి ఎంత మేలో.

చల్లటి ప్రాంతాల్లో కుండీలు, పొదమొక్కలు, స్ట్రాబెర్రీల దగ్గర పేరుమోసినది బ్లాక్ వైన్ వీవిల్, శాస్త్రీయంగా ఒటియోరింకస్ సల్కేటస్. సెంటీమీటరు పొడవు దాకా ఉంటుంది, నలుపు. దూరం నుంచి చూస్తే ఉట్టి నల్ల పురుగే, లెన్స్‌లో చూస్తే వీపు మీద పొడవునా గీతలు గీసినట్టు గాడులు, వాటి మధ్య చిన్న చిన్న పసుపు వెంట్రుకల కుచ్చులు బంగారు చుక్కల్లా కనిపిస్తాయి. ఆ చుక్కలు చూశాక ఈ పురుగును ఇంక మర్చిపోరు. దీని రెక్కల పెంకులు రెండూ అతుక్కుపోయి ఉంటాయి కాబట్టి ఎగరలేదు, నడుచుకుంటూ రావాలి లేదా మనం కొన్న కుండీలోనే రావాలి. ఇంకో విషయం, వీటిలో దాదాపు అన్నీ ఆడవే, మగపురుగు లేకుండానే గుడ్లు పెడతాయి. అంటే ఒక్కటి మిగిలినా చాలు, మళ్లీ మొదలు. దీని చుట్టమే స్ట్రాబెర్రీ రూట్ వీవిల్, ఒటియోరింకస్ ఓవేటస్, 5, 6 మిల్లీమీటర్లే ఉంటుంది, వీపు మీద ఆ పసుపు కుచ్చులు ఉండవు. వెచ్చటి ప్రాంతాల్లో వంగ లాంటి మొక్కల వేర్లు తినే బూడిద రంగు ముక్కుపురుగు, మిల్లోసెరస్ జాతి, ఇంకోలా ఉంటుంది: ఆ బూడిద రంగు పెంకుది కాదు, పైన పరుచుకున్న సన్నటి పొలుసులది. రుద్దుకుపోయిన చోట కింది ముదురు రంగు బయటపడుతుంది. లెన్స్‌లో ఆ పొలుసులు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. ఇది మాత్రం ఎగరగలదు.

లాన్‌కి వేరే పద్ధతి. ఎండిపోయిన మచ్చ అంచున, అంటే పచ్చగడ్డి మొదలయ్యే చోట, పిడికెడు గడ్డి పట్టుకుని లాగండి. గడ్డి మొదట్లోనే పుటుక్కున తెగి వచ్చేసి, తెగిన చోట రంపపు పొట్టులాంటి పొడి ఉంటే అది ఎక్కువగా బిల్‌బగ్ పని, గడ్డి మీద బతికే ముక్కుపురుగు, స్ఫెనోఫోరస్ జాతి. ఇక్కడ లెన్స్ చాలా అవసరం, ఎందుకంటే నీళ్లు చాలక ఎండిన గడ్డి, రోగం వచ్చిన గడ్డి, బిల్‌బగ్ తిన్న గడ్డి దూరం నుంచి ఒకేలా ఉంటాయి. తెగిన కాడని నిలువుగా గోటితో చీల్చి లెన్స్ కింద పెడితే, పురుగు తిన్నదైతే లోపల బోలుగా తొలిచి, పొట్టు కుక్కి ఉంటుంది. బిల్‌బగ్ పిల్ల ముందు కాడలో పెరిగి, పెద్దయ్యాక కిందికి దిగి గడ్డి మొదళ్లు, వేర్లు తింటుంది. కాబట్టి కాడలో దొరక్కపోతే మట్టి చూడాలి: ఒక అడుగు చదరం మూడు వైపులా కోసి, దుప్పటి తిప్పినట్టు వెనక్కి మడిచి, పైనున్న రెండు మూడు అంగుళాల మట్టిని చేత్తో నలిపి చూడండి. కాళ్లున్న గ్రబ్ అయితే పచ్చిక మొత్తం చాపలా లేచి వస్తుంది, వేర్లు పూర్తిగా కొరికేస్తుంది కాబట్టి. చూసిన తర్వాత ఆ ముక్కని మళ్లీ పరిచి, తొక్కి, నీళ్లు పోస్తే బతుకుతుంది.

ఇప్పుడు లెన్స్ చేయలేని పని. కాళ్లు లేని పిల్లపురుగు దొరికింది, ముక్కుపురుగు కుటుంబమని తేలింది. అందులో ఏ జాతి? 10ఎక్స్‌తో చెప్పలేం. తల మీద, ఒంటి మీద ఉండే వెంట్రుకలు ఎక్కడెక్కడ ఎన్ని ఉన్నాయో మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టే నిపుణులు చెప్పాలి, లేదా డీఎన్ఏ పరీక్ష చేయాలి. బిల్‌బగ్ పిల్లకీ, వేరు ముక్కుపురుగు పిల్లకీ కాస్త తేడా కనిపిస్తుంది, బిల్‌బగ్ పిల్ల వెనక వైపు ఎక్కువ ఉబ్బి ఉంటుంది, కానీ దాని మీద ఆధారపడి ప్రమాణం చేయలేను. దొరికిన చోటే ఎక్కువ చెప్తుంది: గడ్డి మొదట్లో దొరికితే బిల్‌బగ్, పొద వేర్ల దగ్గరా కుండీలోనా దొరికితే వేరు ముక్కుపురుగు. జాతి పేరే కావాలంటే పిల్లపురుగును పెద్దది అయ్యేదాకా తడి మట్టిలో, అదే మొక్క వేర్లతో డబ్బాలో పెంచడం ఇంట్లో చేయగలిగిన నమ్మకమైన పద్ధతి. మధ్యలో ప్యూపా దశ, అంటే పిల్లపురుగు పెద్ద పురుగుగా మారే దశ, దొరికితే వదలకండి, తెల్లగా మైనపు బొమ్మలా ఉంటుంది, ముట్టె, మీసాలు, కాళ్లు అన్నీ ఒంటికి అతుక్కుని లెన్స్‌లో స్పష్టంగా కనిపిస్తాయి, ముక్కుపురుగేనా కాదా అన్న అనుమానం అక్కడితో తీరిపోతుంది. నిపుణులకి పంపాలనుకుంటే పురుగును నేరుగా స్పిరిట్‌లో వేయకండి, నల్లబడిపోతుంది. ముందు బాగా మరిగి దించిన నీళ్లలో కాసేపు ఉంచి, తర్వాత 70, 80 శాతం ఆల్కహాల్‌లో వేస్తే రంగూ రూపూ నిలుస్తాయి.

ఫోన్ యాప్‌లు ఉండగా ఇదంతా ఎందుకని అడిగేవాళ్లకి: పెద్ద పురుగు ఫొటో బాగుంటే యాప్‌లు చాలావరకు దగ్గరగానే చెప్తున్నాయి, అది ఒప్పుకోవాలి. పిల్లపురుగుల దగ్గరే చిక్కు. నేను వాడిన ఒక యాప్ ఒకే గ్రబ్‌ని రెండు కోణాల్లో తీసిన ఫొటోలకి రెండు వేర్వేరు కుటుంబాల పేర్లు చెప్పింది, అదీ అనుమానమే లేనట్టు జాతి పేరుతో సహా. జాతి పేరు చూడగానే మనకి నమ్మకం కుదురుతుంది, నేరుగా మందు వెతకడానికి వెళ్లిపోతాం. కాళ్లు కనబడని ఫొటో నుంచి ఏ యాప్ అయినా ఏం చెప్పగలదు? అందుకని నా సలహా, యాప్ వాడండి, కానీ ముందు లెన్స్‌తో కాళ్లు, తల, తోక చూసుకుని, అవి కనబడేలా ఫొటో తీసి పెట్టండి. నిజానికి ఈ లెన్స్‌నే ఫోన్ కెమెరా గాజుకి ఆనించి తీస్తే పర్వాలేదనిపించే ఫొటో వస్తుంది. ఫోన్‌కి క్లిప్ పెట్టుకునే మాక్రో లెన్స్‌లు కూడా వాడాను, పదిమందికి చూపించడానికి, గుర్తుగా దాచుకోవడానికి అవి మేలు. అయితే కదిలే పురుగు మీద ఫోకస్ నిలపడం కష్టం, తెర మీద ఎండ పడితే ఏమీ కనబడదు, మట్టి చేతులతో ఫోన్ పట్టుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

కొనేవాళ్లకి ముఖ్యమైన మాట. 30ఎక్స్, 40ఎక్స్ అని తొడుగు మీద చెక్కి, చుట్టూ ఎల్ఈడీలు పెట్టి అమ్మేవాటికి దూరంగా ఉండండి. నిజమైన 30ఎక్స్ అయితే వస్తువు 8 మిల్లీమీటర్ల దూరంలో ఉంటేనే కనిపించాలి, లెన్స్ పురుగుకి తగులుతుందేమో అన్నంత దగ్గర. స్కేలు పక్కన పెట్టి కొలవండి, 25 మిల్లీమీటర్ల దగ్గర స్పష్టంగా కనిపిస్తోందంటే, మీద ఏం రాసినా అది 10ఎక్సే. ఆ ఎల్ఈడీలు తడి పురుగు మీద పడి మెరుపు మచ్చలు తెప్పిస్తాయి, కాళ్లుండే చోటే సరిగ్గా ఆ మెరుపు పడుతుంది. ట్రిప్లెట్ అని రాసి ఒంటి గాజు పెట్టి అమ్మడం కూడా ఉంది, నాకు అలాంటిదొకటి వచ్చింది, వాపసు చేశాను. దీన్ని పట్టుకోవడం తేలిక: గ్రాఫ్ కాగితం చూడండి, అంచుల్లో గీతలు విల్లులా వంగినా, నల్ల గీత పక్కన ఊదా, పసుపు రంగుల నీడ కనిపించినా అది ట్రిప్లెట్ కాదు. మంచి ట్రిప్లెట్‌లో గీత దాదాపు అంచు దాకా నేరుగా, నల్లగా ఉంటుంది. పురుగు మీసం వంపు చూసేటప్పుడు, రాస్టర్ వెంట్రుకలు చూసేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. 20ఎక్స్ కొనాలా అంటే, తోట పనికి వద్దు. కనిపించే చోటు మరీ చిన్నది, చెయ్యి కాస్త వణికినా పురుగు పోతుంది, కదిలేదాన్ని అస్సలు పట్టుకోలేం.

ఇంకో ఉపయోగం చెప్పకపోతే ఈ రివ్యూ పూర్తి కాదు, కొన్నప్పుడు నేనూ దీని కోసం కొనలేదు. నెమటోడ్లు ప్యాకెట్‌లో ప్రాణంతో ఉండాలి. దారిలో ఎండకి చచ్చిపోయిన ప్యాకెట్ కూడా చూడటానికి అలాగే ఉంటుంది, వాసన కూడా అంతే. చిటికెడు తీసి కాసిని చల్లటి నీళ్లలో కలిపి, నల్లటి మూతలో పల్చగా పోసి, పక్కనుంచి టార్చ్ వేసి లెన్స్‌తో చూడండి. ఒక మిల్లీమీటరు కూడా లేని సన్నటి దారపు ముక్కలు మెలికలు తిరుగుతూ కనిపించాలి. కాసేపు ఆగి చూసినా అన్నీ కర్రముక్కల్లా నిటారుగా పడి ఉంటే, ఆ ప్యాకెట్ పోయకముందే అమ్మినవాళ్లకి చెప్పండి. పోసిన రెండు వారాల తర్వాత మట్టి తవ్వి పురుగుల్ని చూడండి. హెటరోరాబ్డిటిస్ సోకిన పిల్లపురుగు మీగడ రంగు పోయి ఇటుక ఎరుపుకి తిరుగుతుంది, ఆ నెమటోడ్ మోసుకొచ్చే బ్యాక్టీరియా వల్ల ఆ రంగు. స్టైనర్నీమా అయితే గోధుమ రంగు. ఇంకా తెల్లగా, మెలికలు తిరుగుతూ ఉన్నవే ఎక్కువ కనిపిస్తే మట్టి తడి, వేడి సరిగ్గా ఉన్నాయా చూసుకుని మళ్లీ పోయాలి. పోయడం సాయంత్రమే, ఎండ తగిలితే అవి బతకవు.

లోపాలు ఉన్నాయి. రెండు చేతులూ కావాలి, ఒక చేత్తో పురుగునీ లెన్స్‌నీ పట్టుకోవడం కుదరదు. ఒకసారికి ఒక్కరే చూడగలరు, పిల్లలకి చూపించాలంటే ప్రతిసారీ చేతులు మారాలి. చెయ్యి బాగా వణికే పెద్దవాళ్లకి, నేల మీద వంగి కూర్చోలేనివాళ్లకి ఇది సుఖంగా ఉండదు, వాళ్లకి బల్ల మీద పెట్టి చూసే చిన్న స్టీరియో మైక్రోస్కోప్ మంచిది. కుండీ ఒకటే ఉండి, ఏడాదికి ఒకసారి పురుగు కనబడేవాళ్లు కూడా దీన్ని కొనక్కర్లేదు, తెలిసినవాళ్ల దగ్గర అడిగి చూస్తే చాలు. పెద్ద తోట, లాన్, లేదా పదుల కుండీలు ఉండి, ఏటా మట్టిలో ఏదో ఒకటి వేర్లు తింటోందని అనిపించేవాళ్లు మాత్రం మందు కొనేముందు ఇది కొనండి. ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ సగం తగ్గించింది మడత దగ్గరుండే స్క్రూ వల్ల. వాడుతుంటే అది వదులవుతుంది, గాజు దానంతట అదే బయటికి జారి గీతలు పడుతుంది, అప్పుడప్పుడు చిన్న స్క్రూడ్రైవర్‌తో బిగించుకోవాలి. మట్టి అంటితే బట్టతో రుద్దకండి, ఇసుక రేణువు గాజును గీసేస్తుంది, ముందు నీళ్లతో కడిగి, తర్వాత మెత్తటి గుడ్డతో అద్దండి. తాడు కట్టి మెడలో వేసుకోండి, గడ్డిలో పడితే దొరకదు. ఎండలో తెరిచి పెట్టి మాత్రం వెళ్లకండి, ఎండుటాకుల మీద నిప్పు రాజేయడానికి ఇంత గాజు చాలు.